పెర్సీ మీద ఉత్తుత్తి పోటీ

క్రాగ్‌షా
1964 ఏప్రిల్ 21

ఎడ్నా అక్కకి,

నీ తుంటి నొప్పి ఎలా ఉంది? సముద్రపు గాలి మంచిదని ఆ సాండ్‌హావెన్‌కి పోయి కూర్చున్నావు గానీ, ఆ చెమ్మకి నొప్పి ఎక్కువవుతుందే తప్ప తగ్గదని మార్జరీ అంటోంది. అన్నది నీ మరదలు, నేను కాదు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. బూట్ల షాపు నడుస్తోంది. వానలున్నంత కాలం జనానికి బూట్లు కావాలి, క్రాగ్‌షాలో వానలకి కరువేముంది.

ఒక సంగతి చెప్పాలి. కుర్చీలో కూర్చునే చదువుతున్నావనుకుంటాను. వచ్చే నెల పన్నెండున మా నీలం పార్టీ కౌన్సిలర్లందరం టౌన్‌హాల్లో కలిసి మా లీడర్‌ని ఎన్నుకుంటాం కదా. ఈసారి పెర్సీ హోల్‌రాయిడ్ మీద నేను పోటీ చేస్తున్నాను. అవును, నేనే.

ఎలా, ఎందుకు అన్నది రాద్దామనుకునేలోపు మిసెస్ ప్రాట్ తన కవల పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేసింది. నాలుగు పాదాలు కొలవాలి, అందులో రెండు ఎప్పుడూ తన్నుతూనే ఉంటాయి. మిగతాది మళ్ళీ రాస్తాను. ఈలోగా ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా మీ ఎర్ర పార్టీ వాళ్ళకి.

నీ తమ్ముడు,
సిరిల్


సాండ్‌హావెన్
ఏప్రిల్ 24

ఒరేయ్ సిరిల్,

నీ ఉత్తరం చదువుతూ పొయ్యి మీద కెటిల్ పెట్టిన సంగతే మర్చిపోయాను. అడుగంటా మాడిపోయింది. కొత్తది నువ్వే కొనిపెట్టాలి.

నీకేమన్నా మతి పోయిందా? పెర్సీ నీకు ముప్పయ్యేళ్ళ స్నేహితుడు. ప్రతి శనివారం ఇద్దరూ పార్కులో పచ్చిక మీద బంతులు దొర్లిస్తూ బౌల్స్ ఆడతారు. నీ పెళ్ళిలో ఉంగరం జేబులో పెట్టుకుని నీ పక్కన నిలబడ్డది అతనే. భార్య పోయాక ఆ మనిషికి ఇల్లంటే టౌన్‌హాలే. ఆ కుర్చీ కాస్తా లాగేస్తానంటున్నావు. పక్కవాడు బిస్కెట్ వంక చూస్తే నీది కూడా ఇచ్చేసే రకానివి, నీలో ఇంత కుట్ర ఎక్కడ దాక్కుందిరా? ఉత్తరం రెండోసారి చదివాను, చేతిరాత నీదే.

అయినా మీ పార్టీలో మీరూ మీరూ కొట్టుకు చస్తే నాకేం పోయింది. ముప్పయ్యేళ్ళు ఆ ఊళ్ళో ఎర్ర పార్టీ ఎన్నికల ఏజెంటుగా పనిచేశాను. పెర్సీని దించాలని నేను చెయ్యని ప్రయత్నం లేదు. వానలో గడప గడపా తిరిగాను, కుక్కలు కరిచాయి, మీ ఆవిడ అయితే నా మొహం మీదే తలుపేసింది. నాకు చేతకానిది నీ వల్ల అవుతుందా? సరే, దిగావు కాబట్టి చెబుతున్నా, విను. నీకే వేస్తానని చెయ్యి కలిపి చెప్పినవాళ్ళలో సగం మందిని లెక్కలోంచి తీసెయ్యి. నువ్వు కాక ఇంకెవరున్నారు అన్నవాణ్ణి మొత్తానికే తీసెయ్యి. చూద్దాంలే అని గొణిగినవాడు వేస్తే వేస్తాడు.

పెర్సీ మొహం ఎలా చూస్తావో మాత్రం నాకు అర్థం కావడం లేదు. నాకే సిగ్గుగా ఉంది, వాడు నా శత్రువైనా.

నా తుంటి బాగానే ఉందని మార్జరీకి చెప్పు.

ఎడ్నా


క్రాగ్‌షా
ఏప్రిల్ 27

అక్కా,

అంతా తప్పుగా అర్థం చేసుకున్నావు. కుట్రా లేదు గిట్రా లేదు. ఇది ఉత్తుత్తి పోటీ.

పద్నాలుగేళ్ళుగా పెర్సీ మీద ఎవరూ నిలబడలేదు. పోయిన నెల మన ఊరి పేపరువాడు పెర్సీ నెత్తిన కిరీటం పెట్టి బొమ్మ వేశాడు, కింద ఈ ఏటి పట్టాభిషేకం ఎప్పుడని రాశాడు. పెర్సీ బాగా నొచ్చుకున్నాడు. దాంతో మా సెక్రటరీ బెర్ట్ సగ్డెన్ షాపుకొచ్చి, ఒక కాలికి నల్ల బూటూ ఒక కాలికి గోధుమరంగు బూటూ తొడుక్కుని కూర్చుని, పేరుకి ఎవరో ఒకరు పోటీ చేస్తే బాగుంటుందన్నాడు. ఎవరికీ భయం కలిగించని మనిషి కావాలట. అందుకు నేను సరిగ్గా సరిపోతానట. పెర్సీకి కూడా సంతోషమే, మొన్న బౌల్స్ దగ్గర నా భుజం తట్టాడు. బూట్లు మాత్రం సగ్డెన్ కొనలేదు.

నాకు ఒకటే దిగులు. మా పార్టీ మర్యాద నీకు తెలుసుగా. పోటీలో ఉన్న ఇద్దరూ ఒకరి ఓటు ఒకరికి వేసుకోవాలి. తన ఓటు తనకే వేసుకున్నవాణ్ణి మనిషిగా చూడరు. అంటే నా ఓటు పెర్సీకి, పెర్సీ ఓటు నాకు. ఉన్నది ఇరవై రెండుమందిమి, మిగతా ఇరవైమందీ పెర్సీకే వేస్తారు. నాకు ఒకే ఒక్క ఓటొస్తుంది, అదీ నన్ను ఓడించేవాడు వేసిందేనని గదిలో ప్రతివాడికీ తెలిసిపోతుంది. ముసలి ఫీల్డింగ్ గుర్తున్నాడా? యుద్ధానికి ముందు అతనికి ఇలాగే అయింది. చచ్చేదాకా ఒంటి ఓటు ఫీల్డింగ్ అనే పిలిచారు. సమాధి దగ్గర కూడా వెనక ఎవరో అన్నారు, నేను విన్నాను.

నాకు గెలవాలని లేదక్కా. రెండో ఓటు ఒక్కటి వస్తే చాలు. చిన్నప్పుడు ఈ ఊళ్ళో నేను ఎడ్నా తమ్ముణ్ణి. పెళ్ళయ్యాక మార్జరీ మొగుణ్ణి. కౌన్సిల్లో పెర్సీ స్నేహితుణ్ణి. ఒక్క మనిషి, నన్ను చూసి, కావాలనుకుని, చీటీ మీద నా పేరు రాస్తే చాలనిపిస్తోంది. ఈ వయసులో ఇదేం కోరికో నాకే తెలియదు. అన్నం సహించడం లేదు, మార్జరీ నాకు కడుపులో పుండు అనుకుంటోంది.

సిరిల్


సాండ్‌హావెన్
ఏప్రిల్ 30

సిరిల్,

చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మీ నీలం పార్టీ మర్యాదలు మీకే ఉండాలి. మా వాళ్ళయితే తమ ఓటు తమకే వేసుకుంటారు, వీలు చిక్కితే పక్కవాడిది కూడా.

దిగులు పెట్టుకోకు. ఎవరినీ దేబిరించకు, మన అమ్మ కడుపున పుట్టినవాళ్ళెవరూ ఆ పని చెయ్యలేదు. నేనైతే మీ పార్టీ వ్యవహారంలో వేలు పెట్టను, పెట్టకూడదు కూడా, ముప్పయ్యేళ్ళ పరువు నాది. ఐవీ క్లెగ్‌కి ఉత్తరం రాసి మాత్రం చాలా రోజులైంది, ఈ వారం రాస్తాను. మీ పార్టీ కౌన్సిలరే అయినా మంచి మనిషి. ఓట్ల లెక్కింపులో ఎదురుబొదురుగా కూర్చుని ఒకే ఫ్లాస్కులో టీ తాగినవాళ్ళం. ఆవిడ మొగుడి మోకాలు ఎలా ఉందో కనుక్కోవాలి. అంతే, ఇంకేం లేదు.

నేను నడిపే బోర్డింగ్ హౌసులో మూడో గదిలో ఒక జంట దిగారు. గుడ్లు మరీ గట్టిగా ఉడికాయని ఆయనా, పచ్చిగా ఉన్నాయని ఆవిడా. రెండూ ఒకే గిన్నెలో ఉడికిన గుడ్లు. మీ పార్టీ వాళ్ళే అయ్యుంటారు.

కడుపులో పుండు లేదు, ఏం లేదు. అన్నం తిను.

ఎడ్నా


క్రాగ్‌షా
మే 13

అక్కా,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు, షాపు కౌంటరు మీద పెట్టుకుని నిలబడే రాస్తున్నాను.

నేను గెలిచాను.

మళ్ళీ చదువుకో. నేనూ సగ్డెన్ చేత మళ్ళీ లెక్కపెట్టించాను. నాకు పన్నెండు, పెర్సీకి పది. నిన్న సాయంత్రం మేయర్ గదిలో సగ్డెన్ అంకెలు చదివాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఐవీ క్లెగ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెర్సీని అభినందిస్తూ ముందే రాసి తెచ్చుకున్న కాగితాన్ని సగ్డెన్ ఒకసారి చూసి, నన్నొకసారి చూసి, జేబులో కుక్కేసుకున్నాడు. తర్వాత ఆనవాయితీ ప్రకారం చీటీలన్నీ చలి కాచుకునే పొయ్యిలో వేసి కాల్చేశారు. ఎవరు ఎవరికి వేశారో ఇక దేవుడికే తెలియాలి.

పెర్సీ లేచి వచ్చి చెయ్యి కలిపాడు. మంచిది సిరిల్ అన్నాడు, అంతే. కోటు మర్చిపోయి ఆ వానలో వెళ్ళిపోయాడు. నేను కోటు పట్టుకుని పరిగెత్తేసరికి బస్సెక్కేశాడు.

బాధగానే ఉంది. కానీ నీ దగ్గర అబద్ధమెందుకు, ఇవాళ పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో మొహం చూసుకుంటే నాకే కొత్తగా కనిపించింది. ఒకరు కాదు, ఇద్దరు కాదు, పన్నెండుమంది. ఇన్నాళ్ళూ వాళ్ళు పైకి చెప్పలేదంతే. పార్కుల కమిటీలో నేను జెరేనియం మొక్కల గురించి మాట్లాడుతుంటే అందరూ కునికిపాట్లు పడుతున్నారనుకునేవాణ్ణి. కళ్ళు మూసుకుని వింటున్నారన్నమాట.

సంగతి తెలియగానే మార్జరీ కూలబడి ఏడ్చింది. ఎందుకంటే చెప్పదు. ఆనందమే అయ్యుంటుంది.

నీ తమ్ముడు,
సిరిల్ హెప్‌వర్త్, లీడర్


సాండ్‌హావెన్
మే 16

సిరిల్,

ఉత్తరం అందింది. శుభాకాంక్షలు.

ఈ ఒక్క ముక్క రాసి, కలం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. నిన్న ఆర్థర్ డైసన్ ఫోన్ చేశాడు. మా ఎర్ర పార్టీ లీడర్, నీకు తెలుసుగా. మీ తమ్ముడిలో ఇంత పులి ఉందని ఎప్పుడూ చెప్పలేదేం అని ఒకటే నవ్వు. నీ మీద జోకులెయ్యడం నాకు పుట్టినప్పటినుంచీ అలవాటే గానీ, ఇంకొకడు వేస్తే ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పెట్టేశాను. సొంత పార్టీ లీడర్ మాట్లాడుతుండగా ఫోన్ పెట్టేయడం ఇదే మొదటిసారి.

నా మాట విను. కొన్నాళ్ళు ఏదీ కొత్తగా మొదలుపెట్టకుండా కూర్చో. ముందు పెర్సీ ఇంటికి వెళ్ళు. కోటు వంకతో వెళ్ళు. ఆ పన్నెండుమంది ఎందుకు వేశారన్నది మరీ తవ్వకు. ఓటు వస్తే తీసుకుని జేబులో వేసుకోవాలి, ఎక్కణ్ణుంచి వచ్చావని దాన్ని అడగకూడదు. ఇది అక్కగా కాదు, ఏజెంటుగా చెబుతున్నా.

ఎడ్నా


క్రాగ్‌షా
మే 23

ప్రియమైన ఎడ్నా,

పనుల ఒత్తిడిలో ఆలస్యంగా రాస్తున్నాను. లీడర్ అన్నాక కౌన్సిలంతా నడపాలి, తప్పదు.

కొత్త టోపీ కొన్నాను. గుండ్రటిది, నల్లది. మార్జరీ దాన్ని చూసి మళ్ళీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పార్కులో బెంచీలన్నీ ఎండవైపు తిప్పించాలని ఆర్డరు వేశాను. పద్నాలుగేళ్ళుగా జనం గోడను చూస్తూ కూర్చుంటున్నారు, ఎవరికీ పట్టలేదు. బ్యాండు మంటపానికి రంగు వేయిస్తాను. కమిటీల్లో నేను లేచి నిలబడితే అందరూ గమ్మున ఊరుకుంటున్నారు. మరీ గమ్మునగా ఉంటున్నారు, నా కళ్ళలోకి చూడరు. గౌరవం అంటే ఇలాగే ఉంటుందేమో, నాకు అలవాటు లేదు.

పెర్సీ ఇంటికి వెళ్ళాను. పనావిడ తలుపు సందులోంచి కోటు అందుకుని మూసేసింది. పోయిన శనివారం బౌల్స్‌కి నేనొక్కణ్ణే వెళ్ళాను. ఇటునుంచి బంతి వేసి, నడుచుకుంటూ అటు వెళ్ళి, అటునుంచి ఇటు వేసుకున్నాను. మొన్న గురువారం పెర్సీ పెట్టె సర్దుకుని రైలెక్కాడట, ఎక్కడికో ఎవరికీ తెలియదు.

ఇంకో విషయం, నీకు కోపం వస్తుంది. ఇదంతా ఎర్ర పార్టీ కుట్ర అని, నా కోసం నువ్వు వెనకనుంచి ఓట్లు అడిగావని ఊళ్ళో పుకారు పుట్టింది. ఐవీ క్లెగ్‌కి ఏదో రాశావట. నేను బల్ల గుద్ది చెప్పాను, మా అక్క రాసింది మోకాలి సంగతి కనుక్కోవడానికే అని. నీ మీద ఒక్క మాట పడనివ్వను.

అయితే నీ ఉత్తరంలో సంతోషం కనపడలేదు. శుభాకాంక్షలు అన్న ముక్క కరెంటు బిల్లు మీద అక్షరాల్లా ఉంది. తమ్ముడు నిన్ను మించిపోయాడని కుళ్ళు కాదు కదా?

సిరిల్ హెప్‌వర్త్, లీడర్


సాండ్‌హావెన్
మే 26

సిరిల్,

పెర్సీ ఇక్కడే ఉన్నాడు. మూడో గదిలో.

గురువారం సాయంత్రం గొడుగుతో నా తలుపు బాదాడు. నీళ్ళోడుతూ గడపలో నిలబడి, ముప్పయ్యేళ్ళు ఎదురుగా వచ్చి కొట్టావు, ఇప్పుడు వెనకనుంచి కొట్టావు అని అరిచాడు. అరుస్తూ అరుస్తూ తుమ్మాడు. లోపలికి లాక్కొచ్చి పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, పొగబెట్టిన చేప వేయించి పెట్టాను. రెండు చేపలు తిన్నాక అసలు సంగతంతా చెప్పాడు. నేనూ చెప్పాను.

ఇది ఇంకొకళ్ళ నోటినుంచి నీకు తెలియకూడదు, నేనే చెబుతున్నా.

ఐవీకి మోకాలి గురించి రెండు వాక్యాలు రాశాను. మిగతా ఉత్తరమంతా నీ గురించే. మా వాడికి ఒక్క ఓటు వెయ్యి, నీకు పుణ్యముంటుంది అని రాశాను. ఆవిడ మంచి మనసుకొద్దీ తన పక్కన కూర్చునే కౌన్సిలర్‌కి కూడా చెప్పింది. మార్జరీ నీకు కడుపులో పుండు వస్తుందని హడలిపోయి, చర్చి పాతబట్టల అమ్మకం దగ్గర ఇద్దరు కౌన్సిలర్ల పెళ్ళాల్ని పట్టుకుని బతిమాలింది. నిన్ను ఇరికించానన్న బాధతో సగ్డెన్ వేశాడు. మర్యాద ప్రకారం పెర్సీ వేశాడు. వేసి ఊరుకోలేదు, మహానుభావుడు. నాకు ఇరవై పైనే వస్తాయి, రెండు పోతే ఏం, మా సిరిల్ చిన్నబుచ్చుకోకూడదు అని తన మనుషులు ఇద్దరి చేత కూడా వేయించాడు. మిగతావాళ్ళు ఎవరూ చెప్పకుండానే, పాపం సిరిల్, నేనొక్కణ్ణి వేస్తే ఏమవుతుంది అనుకుని ఉంటారు. మీ పార్టీలో ఇంత జాలి ఉందని తెలిస్తే ముప్పయ్యేళ్ళూ నేను ఇంకోలా ప్రచారం చేసేదాన్ని.

నీకు రెండో ఓటు కావాలన్నావు. అన్నం తినడం లేదన్నావు. నేను తట్టుకోలేకపోయాను, అంతే.

పెర్సీకి నీ మీద కోపం పోయింది. కానీ పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో తెలియక పిచ్చెక్కిపోతున్నాడు. నా గేటు బాగుచేశాడు. ఇవాళ టిఫిన్ బల్ల దగ్గర, గుడ్లు ఎంతసేపు ఉడకాలన్నదాని మీద బస చేసినవాళ్ళందరి చేతా చేతులెత్తించి ఓటింగు పెట్టాడు. తన మాటే నెగ్గింది కూడా. ఆ కాసేపే మొహంలో వెలుగు కనిపించింది.

ఎడ్నా


క్రాగ్‌షా
మే 28

ఎడ్నా,

మార్జరీని అడిగాను. ఒప్పుకుంది. సగ్డెన్‌ని అడిగాను, ఒప్పుకున్నాడు. ఆ మాట ఊళ్ళో పాకినట్టుంది, నిన్న మధ్యాహ్నంనుంచీ కౌన్సిలర్లు ఒక్కొక్కరే షాపుకి వస్తున్నారు. బూట్లు తొడుక్కుని, అటూ ఇటూ చూసి, సిరిల్, నేను వేసింది జాలితోనే, నువ్వు గెలుస్తావనుకోలేదు, ఎవరికీ చెప్పకు అంటారు. వాళ్ళ తర్వాత ఇంకొకరు. సిగ్గుకొద్దీ ప్రతివాడూ ఒక జత కొనుక్కుని పోయాడు. ఈ షాపు పెట్టినప్పటినుంచీ ఇంత వ్యాపారం జరగలేదు.

చిన్నప్పుడు నా లెక్కలు నువ్వే చేసిపెట్టేదానివి. వీధిలో ఎవడైనా నన్ను కొడితే వాణ్ణి నువ్వే కొట్టేదానివి. ఆఖరికి ఓడిపోవడం కూడా నా అంతట నన్ను ఓడిపోనివ్వలేదు. నీ మీద మాట పడనివ్వనని బల్ల గుద్దానే, ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తెలుసు. తెలిసీ తలలూపారు. తలుచుకుంటే చచ్చిపోవాలనిపిస్తోంది.

టోపీ వెనక్కి తీసుకోనన్నాడు షాపువాడు.

నాకు ఇక ఉత్తరాలు రాయకు.

సిరిల్


సాండ్‌హావెన్
మే 30

సిరిల్,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. నువ్వు చదవకపోయినా మార్జరీ చదివి వినిపిస్తుంది, ఆవిడ మీద నాకు ఈ మధ్య నమ్మకం పెరిగింది.

తప్పు నాదే. అది చెప్పడానికే రాశాను. ఇకమీదట నువ్వేం చేస్తావో నీ ఇష్టం, నేను సలహా ఇవ్వను. ఇవ్వకుండా ఉండటం నాకు ఎంత కష్టంగా ఉందో నీకు తెలియదు. పైన కొట్టివేతలు కనిపిస్తున్నాయి కదా, అవన్నీ సలహాలే. రాసి కొట్టేశాను. నల్లగా అలికినట్టున్న చోట చాలా మంచి సలహా ఒకటుంది, అది కూడా ఇవ్వను.

పెర్సీ సోమవారం రైలుకి వస్తున్నాడు. కుర్చీ నీదే, నేను అడగనంటున్నాడు. మంచివాడు, ఇన్నాళ్ళూ గుర్తించనందుకు నా మీద నాకే కోపంగా ఉంది. మా పార్టీలో ఎవరికీ ఈ మాట చెప్పకు.

నీ మీద బెంగగా ఉందిరా.

ఎడ్నా


క్రాగ్‌షా
జూన్ 10

అక్కా,

నిన్న రాజీనామా చేశాను. నిన్ననే మళ్ళీ ఎన్నిక పెట్టించాను. నేనే పెట్టించాను, నేనే నిలబడ్డాను, ఎవరూ అడగలేదు. పెర్సీ ఇప్పటికిప్పుడు తప్పుకుంటానన్నాడు, ఒప్పుకోలేదు.

చీటీలు పంచే ముందు లేచి నిలబడ్డాను. "పోయినసారి మీరందరూ నా మీద దయ చూపించారు. ఈసారి చూపిస్తే మాత్రం ఊరుకోను. నేను గెలిచానంటే ప్రతి సమావేశం శనివారం మధ్యాహ్నం, ఫుట్‌బాల్ మ్యాచి టైముకే పెడతాను. మీటింగు తర్వాత షెర్రీ వైను ఉండదు, నీళ్ళే. చచ్చేదాకా రాజీనామా చెయ్యను, మా వంశంలో అందరూ తొంభై దాటి బతికారు. ఇది తెలిసి వేసేవాళ్ళే నాకు వెయ్యండి" అన్నాను. షెర్రీ మాట దగ్గర గదంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది.

పెర్సీకి పద్దెనిమిది. నాకు నాలుగు.

సగ్డెన్ అంకె చదవగానే అందరూ చప్పట్లు కొట్టారు. బతికిపోయామని కొట్టారో, పెర్సీ కోసం కొట్టారో తెలియదు. పెర్సీ నా దగ్గరకి వచ్చాడు, మొహం కందిపోయి ఉంది. పక్కకి తీసుకెళ్ళి, "సిరిల్, క్షమించు. ఈసారి నా ఓటు నేనే వేసుకున్నాను. మళ్ళీ నువ్వు గెలుస్తావేమోనని భయమేసింది" అన్నాడు. ఇన్నేళ్ళ పార్టీ జీవితంలో మర్యాద తప్పడం ఇదే మొదలట. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఒక జత బూట్లు కొంటానన్నాడు. వద్దు, శనివారం బౌల్స్‌కి రా చాలన్నాను. నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరం కాస్త ఏడ్చాం, చెబితే ఏం.

ఇప్పుడు లెక్క చూడు. పెర్సీ నాకు వెయ్యలేదు. నేను మర్యాద ప్రకారం పెర్సీకే వేశాను. నువ్వు ఎవరికీ రాయలేదు, రాయలేదు కదా? మార్జరీ బైబిల్ మీద ఒట్టేసింది. అంటే ఆ నలుగురూ షెర్రీ పోతుందని తెలిసి, శనివారాలు పోతాయని తెలిసి, నా పేరు రాశారు. పెర్సీ అంటే పడనివాళ్ళయ్యుండొచ్చు కదా అంది మార్జరీ. అయ్యుండొచ్చు. బెంచీలు ఎండవైపు తిరిగాయని మెచ్చినవాళ్ళు కూడా అయ్యుండొచ్చు కదా అన్నాను. ఆవిడ నాకు ఇంకో పుడ్డింగు ముక్క వడ్డించింది.

ఎవరో తెలుసుకోవాలని లేదు. ఈసారి చీటీలు కాలుతుంటే దగ్గర నిలబడి చూశాను. పన్నెండు వచ్చిన రోజుకన్నా ఇవాళ నాకు బాగుంది అక్కా. నీకు నవ్వొస్తే నవ్వు.

నీ తమ్ముడు,
సిరిల్


సాండ్‌హావెన్
జూన్ 12

ఒరేయ్ సిరిల్,

నవ్వలేదు. రాయలేదు కూడా, ఎవరికీ, ఒక్క ముక్క కూడా.

పొద్దుటినుంచీ నీ ఉత్తరం పట్టుకునే తిరుగుతున్నాను. ముప్పయ్యేళ్ళు ఓట్లు లెక్కపెట్టి బతికినదాన్ని. ఎవరెన్ని ఆశపడ్డా, ఎవరెంత ఏడ్చినా, ఉన్నది ఉన్నట్టే చెప్పాను, మా వాళ్ళకి ఒక్కటంటే ఒక్కటి కలిపి చెప్పలేదు. తమ్ముడికైనా కలపను. కాబట్టి ఇప్పుడు చెప్పేది జాలి అనుకోకు, లెక్క అనుకో.

నువ్వు మా పార్టీలో ఉండుంటే అయిదు వచ్చేవి, అయిదోది నాది.

ఎడ్నా